ఆన్‌లైన్ పటంలో ఎకరాల లెక్క: ఏ అవసరానికి ఏ కొలత

పొలం విస్తీర్ణం తెలుసుకోవాలంటే ఒకప్పుడు గొలుసో టేపో, ఇద్దరు మనుషులు, ఒక పూట తీరిక కావలసి వచ్చేవి. ఇప్పుడు కంప్యూటరు ముందు కూర్చుని, ఉపగ్రహ చిత్రంలో పొలాన్ని వెతికి, మూలమూలకూ ఒక చుక్క పెడితే విస్తీర్ణం తెర మీద కనిపిస్తుంది. అమెరికాలో ఉన్న కొడుకు ఊళ్లో తండ్రి పొలాన్ని అక్కడి నుంచే కొలుస్తున్నాడు. కౌలుకు తీసుకునే రైతు ఫోను చేతబట్టి గట్ల వెంట నడిచి ఎకరాలు లెక్కగడుతున్నాడు. భూమి కొనబోయేవారు బేరానికి ముందే పటంలో కొలిచి చూసుకుంటున్నారు. అంకె రెండు దశాంశాల దాకా, అంటే సెంటు దాకా కనిపిస్తుంది కాబట్టి అది సెంటు దాకా నిజమేనన్న నమ్మకం ఏర్పడుతుంది. ఆ నమ్మకంతో కొన్ని పొలాల విషయంలో నష్టమేమీ ఉండదు, కొన్నింటి విషయంలో లక్షల రూపాయలు పోవచ్చు. మీ పొలం ఏ కోవలోకి వస్తుందో, మీ అవసరానికి ఏ కొలత సరిపోతుందో తేల్చుకోవడానికి పనికివచ్చే సంగతులను ఇక్కడ వివరిస్తున్నాను.

తప్పు హద్దు మీద పుడుతుంది

పటం కొలతలో తప్పు పొలం నడుమ ఉండదు. హద్దు ఎక్కడ గీశామన్న దానిలోనే దాదాపు మొత్తం తప్పు ఉంటుంది. గట్టు వెడల్పే ఒక్కోచోట మీటరు ఉంటుంది. మనం పెట్టిన చుక్క గట్టు లోపలి అంచున పడిందా, నడిమిన పడిందా, అవతలి అంచున పడిందా అన్నది చిత్రంలో తేల్చుకోవడం కష్టం. ఆ ఒక్క మీటరు విలువ ఎంతో లెక్క వేసి చూస్తే, ఏ పొలాన్ని పటంలో కొలవవచ్చో, దేన్ని కొలవకూడదో దానంతట అదే తెలిసిపోతుంది.

సరిగ్గా చదరంగా ఉన్న ఎకరం పొలానికి ఒక్కో పక్క సుమారు 63.6 మీటర్లు, అంటే 208 అడుగుల 8 అంగుళాల పైచిలుకు ఉంటుంది. చుట్టుకొలత 254 మీటర్లు దాటుతుంది. నాలుగు పక్కలా హద్దును ఒక్క మీటరు బయటికి గీస్తే విస్తీర్ణం దాదాపు 258 చదరపు మీటర్లు, అంటే 6.4 సెంట్లు పెరుగుతుంది. పదెకరాల చదరపు పొలంలో అదే మీటరు తప్పు 20 సెంట్లు తెచ్చిపెడుతుంది, కానీ అది మొత్తంలో 2 శాతమే. 5 సెంట్ల ఇంటి స్థలంలో అదే తప్పు చేస్తే స్థలం ఆరున్నర సెంట్లుగా కనిపిస్తుంది, అంటే 30 శాతం ఎక్కువ. పొలం ఆకారం కూడా ముఖ్యమే. ఎకరం భూమి 20 మీటర్ల వెడల్పుతో 202 మీటర్ల పొడవున సాగిన చెక్క అయితే, చుట్టుకొలత పెరిగిపోవడం వల్ల మీటరు తప్పుకు 11 సెంట్లు తేడా వస్తుంది.

గుర్తు పెట్టుకోవడానికి ఒక సులువైన లెక్క ఉంది. పొలం చుట్టుకొలతను మీటర్లలో తీసుకుని 40తో భాగించండి. వచ్చిన అంకె, హద్దు చుట్టూ మీటరు తప్పితే ఎన్ని సెంట్లు తేడా వస్తుందో చెబుతుంది. తెలంగాణ లెక్కలో గుంటలు కావాలంటే 100తో భాగించాలి. ఏ పటం మీద కొలిచినా, ఏ ఫోనుతో కొలిచినా ముందు ఈ అంకె రాసుకుని, ఆ తేడాను మీ అవసరం తట్టుకుంటుందా అని చూసుకోవాలి. తట్టుకోలేదంటే ఎంత మంచి చిత్రం దొరికినా పటం కొలతతో పని లేదు.

నేను మొదటిసారి మా పొలాన్ని పటంలో కొలిచినప్పుడు పాసుపుస్తకంలో ఉన్నదాని కంటే 9 సెంట్లు ఎక్కువ వచ్చింది. చాలా రోజులు అది నిజమనే అనుకున్నాను. తరువాత ఊరికి వెళ్లి నిలబడి చూస్తే, నేను పొలం గట్టు అనుకుని గీసింది పంట బోదెకు అవతలి గట్టు. పై నుంచి చూసినప్పుడు బోదె మీద పెరిగిన గడ్డి పొలంలో కలిసిపోయి కనిపించింది. చిత్రం కనిపించే అంచును మాత్రమే చూపిస్తుంది, హద్దును చూపించదు. కనిపించే అంచు, హద్దు ఒకటేనో కాదో పొలానికి వెళ్లి చూసినవారికే తెలుస్తుంది.

చెట్లు ఈ చిక్కును ఇంకా పెంచుతాయి. గట్టు మీద తాటి చెట్లు, కొబ్బరి చెట్లు, తుమ్మలు ఉంటే వాటి తలలు గట్టును కప్పేస్తాయి. పైగా ఉపగ్రహం ప్రతిసారీ నిట్టనిలువుగా కిందికి చూసి చిత్రం తీయదు. కొంత ఏటవాలుగా తీసిన చిత్రంలో ఎత్తైన చెట్టు తల ఒక పక్కకు వాలినట్టు పడుతుంది, నీడ మరో పక్కకు పడుతుంది. అందువల్ల చెట్టు మొదలు ఎక్కడుందో అంచనా వేసి చుక్క పెట్టాలి, తల ఉన్న చోట కాదు. కొబ్బరి తోటల నడుమ ఉన్న చిన్న కమతాలకు కోనసీమలో పటం కొలత ఎందుకు నమ్మదగింది కాదో ఇంతకంటే చెప్పనక్కరలేదు.

ఒక విషయంలో మాత్రం చాలామంది అనవసరంగా భయపడతారు. ఉపగ్రహ చిత్రం మొత్తంగా కొన్ని మీటర్లు పక్కకు జరిగి ఉండవచ్చు. ఒకే బావి 2 వేర్వేరు ఏళ్ల చిత్రాల్లో 2 వేర్వేరు చోట్ల ఉన్నట్టు కనిపించడం దీనివల్లే. అయితే చిత్రం అంతా కలిసి జరిగినప్పుడు మూలలన్నీ ఒకే దిక్కుకు ఒకే దూరం జరుగుతాయి కనుక విస్తీర్ణం మారదు. ఈ జరుగుడు ఇబ్బంది పెట్టేది, వేరే చోట కొలిచిన అక్షాంశ రేఖాంశాలను తెచ్చి చిత్రం మీద పెట్టి, మన హద్దు పక్కవారి పొలంలోకి వెళ్లిందని నిర్ణయించినప్పుడే. ఆ నిర్ణయం పటం మీద ఎప్పుడూ చేయకూడదు.

సెంట్లు, గుంటలు, గజాలు

కొలత సరిగ్గా వచ్చినా దాన్ని చదవడంలో పొరబడేవారు ఎక్కువ. ఎకరం అంటే 4,840 చదరపు గజాలు, 43,560 చదరపు అడుగులు, సుమారు 4,047 చదరపు మీటర్లు. హెక్టారు అంటే 2.47 ఎకరాలు. ఇంతవరకు ఎక్కడైనా ఒకటే. ఆంధ్రప్రదేశ్‌లో ఎకరాన్ని 100 సెంట్లుగా విభజిస్తారు, సెంటు 48.4 చదరపు గజాలు. తెలంగాణలో ఎకరాన్ని 40 గుంటలుగా విభజిస్తారు, గుంట 121 చదరపు గజాలు. దీనివల్ల చుక్క తరువాత వచ్చే అంకెలకు రెండు చోట్లా రెండు అర్థాలు ఉంటాయి. గూగుల్ ఎర్త్ 1.30 ఎకరాలని చూపిస్తే అది ఆంధ్రప్రదేశ్ లెక్కలో ఎకరం 30 సెంట్లు, తెలంగాణ లెక్కలో ఎకరం 12 గుంటలు. కానీ తెలంగాణ పాసుపుస్తకంలో కనిపించే 1.30 అంటే ఎకరం 30 గుంటలు, దశాంశంలో 1.75 ఎకరాలు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసి, రికార్డులో భూమి ఉంది కానీ స్థలంలో 45 సెంట్లు లేదని కంగారుపడినవారు ఉన్నారు. పాసుపుస్తకంలోని గుంటలను 40తో భాగించి దశాంశంలోకి మార్చుకున్న తరువాతే పోల్చాలి.

ఈ విభజనలు కొలిచే గొలుసుల నుంచి వచ్చాయి. ఇంగ్లండుకు చెందిన ఎడ్మండ్ గుంటర్ 1620లో రూపొందించిన గొలుసు 66 అడుగులు, అందులో 100 లింకులు. ఆ గొలుసు పొడవు, అంతే వెడల్పు ఉన్న చదరం సరిగ్గా 10 సెంట్లు. తెలంగాణలో 33 అడుగుల గొలుసు వాడారు. 33 అడుగుల చదరం సరిగ్గా ఒక గుంట. పాత కాగితాలు చదివేవారికి ఇది తెలిసి ఉండటం అవసరం, ఎందుకంటే ఆంధ్ర ప్రాంతపు పాత ఎఫ్ఎంబీల్లో, అంటే సర్వే శాఖ గీసిన పొలం కొలతల పటాల్లో, కొలతలు లింకుల్లో ఉంటాయి, తరువాతి వాటిలో మీటర్లలో ఉంటాయి. లింకు 20 సెంటీమీటర్లకు కొద్దిగా ఎక్కువ. లింకుల్లో ఉంటే లెక్క తేలిక: 1,000 చదరపు లింకులు ఒక సెంటు. 420 లింకుల ఆధారం, 300 లింకుల ఎత్తు ఉన్న త్రిభుజం 63,000 చదరపు లింకులు, అంటే 63 సెంట్లు.

పటాల మధ్య ఎంపిక

గూగుల్ మ్యాప్స్ చాలామందికి చేతికి అందుబాటులో ఉన్నది. కంప్యూటరులో ఉపగ్రహ చిత్రం తెరిచి, మౌసు కుడి మీట నొక్కి, దూరం కొలిచే వీలును ఎంచుకుని, హద్దు వెంట చుక్కలు పెట్టుకుంటూ వెళ్లి మొదటి చుక్క దగ్గర మూసేస్తే విస్తీర్ణం చదరపు మీటర్లలో, చదరపు అడుగుల్లో వస్తుంది. ఎకరాలు మనమే లెక్క వేసుకోవాలి. ఫోనులోని గూగుల్ మ్యాప్స్‌లో దూరం మాత్రమే వస్తుంది. గీసిన హద్దును దాచుకోవడానికి, పాత ఏళ్ల చిత్రంతో పోల్చుకోవడానికి ఇందులో వీలు తక్కువ. ఎవరో చెప్పిన విస్తీర్ణం అసలు నమ్మదగినదా, అయిదెకరాలన్నది మూడెకరాలే ఉందా అని 2 నిమిషాల్లో చూసుకోవడానికి ఇది చాలు. అంతకు మించి దీని మీద ఆధారపడవద్దని నా సలహా.

గూగుల్ ఎర్త్ దీనికంటే మేలు. విస్తీర్ణాన్ని నేరుగా ఎకరాల్లో చూపిస్తుంది, గీసిన హద్దును పేరు పెట్టి దాచుకోనిస్తుంది. కంప్యూటరులో పెట్టుకునే గూగుల్ ఎర్త్ ప్రో 2015 నుంచి ఉచితంగా దొరుకుతోంది. దానిలో నాకు అన్నిటికంటే విలువైనదిగా అనిపించేది పాత చిత్రాల వరుస. ఒకే పొలాన్ని వేర్వేరు ఏళ్లలో, వేర్వేరు నెలల్లో తీసిన చిత్రాల్లో చూడవచ్చు. పంట ఏపుగా ఉన్నప్పుడు గట్లు కనిపించవు. కోతలయ్యాక వేసవిలో తీసిన చిత్రంలోనూ, వరి పొలమైతే దమ్ము చేసి నీరు పెట్టిన రోజుల చిత్రంలోనూ గట్లు గీత గీసినట్టు కనిపిస్తాయి. అటువంటి చిత్రాన్ని ఎంచుకుని కొలవడమే మంచి కొలతకు సగం బలం. ఇంకొక జాగ్రత్త ఉంది. ఈ సాధనంలో చిత్రం వాలుగా తిరిగిపోవడం మామూలు. కొలిచే ముందు పై నుంచి నిటారుగా చూస్తున్నట్టు సరిచేసుకోవాలి. వంకర తిరిగిన వాగు గట్టు వెంట రెండు మూడు చుక్కలతో సరిపెట్టకుండా వంపు వంపుకూ చుక్క పెట్టాలి. అలాగే ఒకే పొలాన్ని ముందటి గీతలు చూడకుండా మూడుసార్లు కొత్తగా గీసి చూడండి. మూడు అంకెల మధ్య తేడా ఎంతో, మీ కొలతలో అనిశ్చితి కనీసం అంత ఉన్నట్టు.

హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం నడిపే ఇస్రో వారి భువన్ 2009లో మొదలైంది. చెరువులు, భూమి వినియోగం, నేల రకాల వంటి విషయ పటాలకు అది గొప్ప వనరు. మన దేశపు ఉపగ్రహాల చిత్రాలను చూడగలగడం సంతోషకరమైన సంగతి. అయితే గట్టు అంచు దాకా చూసి ఎకరం రెండెకరాల కమతాన్ని కొలవాలంటే చిత్రంలో అంత స్పష్టత అన్ని చోట్లా దొరకదు. ఊరి చెరువు విస్తీర్ణానికి, పెద్ద తోటలకు భువన్ వాడవచ్చు, చిన్న పొలానికి గూగుల్ ఎర్త్‌నే ఎంచుకోవాలి.

పటాలు తయారుచేసే క్యూజీఐఎస్ వంటి సాఫ్ట్‌వేరు వాడే యువకులు ఇప్పుడు ఊళ్లలోనూ ఉన్నారు. వారికొక హెచ్చరిక చెప్పాలి. ఆన్‌లైన్ పటాలు గీసే వెబ్ మెర్కేటర్ పద్ధతిలో భూమధ్యరేఖ నుంచి దూరం వెళ్లేకొద్దీ కొలతలు సాగిపోతాయి. 17 డిగ్రీల అక్షాంశం దగ్గర విస్తీర్ణం 9 శాతానికి పైగా ఎక్కువగా కనిపిస్తుంది. గూగుల్ కొలత సాధనాలు దీన్ని లోపల సరిచేసి చూపిస్తాయి, కానీ పటాన్ని సాఫ్ట్‌వేరులోకి తెచ్చుకుని ఆ పద్ధతిలోనే సమతలపు విస్తీర్ణం లెక్కిస్తే ఎకరానికి 9 సెంట్లు లేని భూమి వచ్చి చేరుతుంది. భూమిని రేఖాంశాల వారీగా మండలాలు చేసి చూపే యూటీఎం పద్ధతికి మార్చుకుంటే ఈ చిక్కు పోతుంది. తెలుగు రాష్ట్రాల్లో ఎక్కువ భాగం 44వ మండలంలో ఉంటుంది; 78 డిగ్రీల రేఖాంశానికి పడమరన ఉన్న అనంతపురం, ఆదోని, జహీరాబాద్ ప్రాంతాలు 43లోకి, 84 డిగ్రీలకు తూర్పున ఉన్న పలాస, ఇచ్ఛాపురం 45లోకి వస్తాయి.

వాలు నేల గురించి కూడా ఒక మాట. రికార్డుల్లో రాసే విస్తీర్ణం సమతలపు విస్తీర్ణమే, పటం చూపించేదీ అదే. వాలు వెంట టేపు పరిచి కొలిస్తే ఎక్కువ వస్తుంది. 5 డిగ్రీల వాలులో ఆ తేడా అర శాతం కూడా ఉండదు, కానీ అరకు వైపు కొండ పొలాల్లో 20 డిగ్రీల వాలు ఉంటే 6 శాతం దాటుతుంది. అటువంటి చోట టేపు కంటే పటమే రికార్డుకు దగ్గరగా ఉంటుంది.

ఫోను పట్టుకుని నడవడం

విస్తీర్ణం కొలిచే ఫోను యాప్‌లు రెండు రకాలుగా పనిచేస్తాయి. ఒకటి ఉపగ్రహ చిత్రం మీద చుక్కలు పెట్టడం, అది పైన చెప్పిన పటం కొలతే. రెండోది జీపీఎస్ ఆధారంగా గట్ల వెంట నడుస్తూ కొలవడం. ఆకాశం బాగా కనిపించే చోట మామూలు ఫోను జీపీఎస్ దాదాపు 5 మీటర్ల వరకు అటూ ఇటూ చూపిస్తుంది. చెట్ల కింద, భవనాల పక్కన ఇంకా తప్పుతుంది. ఒక లెక్క చూడండి. చదరపు ఎకరంలో ఒక్కో మూల తూర్పు పడమరలుగా, ఉత్తర దక్షిణాలుగా విడివిడిగా 3 మీటర్ల మేర అటూ ఇటూ అయితే విస్తీర్ణంలో తేడా 6 నుంచి 7 సెంట్ల దాకా ఉంటుంది. పదెకరాలకు అది 21 సెంట్లు, అంటే 2 శాతం. అయిదారు నిమిషాల వ్యవధిలో తీసిన జీపీఎస్ స్థానాల తప్పులు ఒకే దిక్కుకు మొగ్గు చూపుతాయి కాబట్టి ఆచరణలో తేడా కొంత తగ్గుతుంది కూడా. నడుస్తూ ఏకధాటిగా గీత గీయించుకోవడం కంటే, ఒక్కో మూల దగ్గర నిమిషం పాటు కదలకుండా నిలబడి చుక్క పెట్టించుకోవడం మేలు.

కేవలం అంకెల్లో చూస్తే, గట్లు స్పష్టంగా కనిపించే పొలంలో మంచి చిత్రం మీద గీసిన హద్దు ఫోను నడక కంటే సరిగ్గా వస్తుంది. అయినా నడకకు ఒక గుణం ఉంది, అది చిత్రానికి ఎప్పటికీ రాదు. పక్క పొలం రైతును పిలిచి, ఇద్దరూ కలిసి నడిచి, ఇదిగో ఇదే మన గట్టు, ఇక్కడ రాయి ఉంది అని ఒప్పుకున్న హద్దును కొలవవచ్చు. ఆంధ్రలో గట్టు తగాదా అన్నా, తెలంగాణలో గెట్టు పంచాయితీ అన్నా, వాటిలో అంకె కంటే ఈ ఒప్పుకోలుకే విలువ ఎక్కువ. రెండూ చేయగలిగితే ఇంకా మంచిది: ముందు నడిచి హద్దు ఎక్కడుందో తెలుసుకుని, ఇంటికి వచ్చి చిత్రం మీద ఆ హద్దును గీయాలి.

టేపు, ఎఫ్ఎంబీ, రోవరు

20 సెంట్ల లోపు స్థలానికి పటం వద్దు, టేపు పట్టుకోండి. కానీ టేపుతో చేసే తప్పు ఒకటి మన ఊళ్లలో బాగా అలవాటైపోయింది. నాలుగు పక్కలూ కొలిచి, ఎదురెదురు పక్కల సరాసరి తీసి, రెండింటినీ గుణించేస్తారు. స్థలం మూలమట్టానికి లేకపోతే ఈ లెక్క ప్రతిసారీ ఎక్కువే చూపిస్తుంది, తక్కువ ఎప్పుడూ చూపించదు. నాలుగు పక్కలూ 200 అడుగులే ఉన్న స్థలం చదరమైతే 91.8 సెంట్లు, అదే ఒక పక్కకు ఒరిగిపోయి ఐమూలగా 200 అడుగులే ఉంటే 79.5 సెంట్లు. పక్కలు మారలేదు, 12 సెంట్లు పోయాయి. కాబట్టి నాలుగు పక్కలతో పాటు ఐమూలగా ఒక కర్ణం తప్పక కొలిచి, స్థలాన్ని రెండు త్రిభుజాలు చేసి, ఒక్కోదాని విస్తీర్ణం విడిగా కట్టి కూడాలి. అమ్మేవారు సరాసరి లెక్క చెబితే కొనేవారు కర్ణం అడగాలి.

రికార్డు కొలత వేరు. ఆంధ్రప్రదేశ్‌లో మీభూమి వెబ్‌సైటులో అడంగల్, 1బీలతో పాటు ఎఫ్ఎంబీ కూడా చూడవచ్చు. అది ఒక్కో సర్వే నంబరుకు సర్వే శాఖ గీసిన కొలతల పటం. తెలంగాణలో ఆ పాత్ర టిప్పన్‌ది. వాటిలో పక్కల పొడవులు ఉంటాయి కనుక పటం మీద కొలిచిన పక్కలతో ఒక్కొక్కటిగా పోల్చవచ్చు. విస్తీర్ణాన్ని మాత్రమే పోల్చినప్పుడు తేడా ఎంతో తెలుస్తుంది. పక్కలను పోల్చినప్పుడు తేడా ఏ వైపు నుంచి వచ్చిందో తెలుస్తుంది. మూడు పక్కలు సరిపోయి డొంక వైపు పక్క మాత్రమే 4 మీటర్లు ఎక్కువ వస్తే, మనం డొంకను కూడా కలిపి గీశామో, లేక డొంకను పొలంలో కలుపుకున్నారో చూడాలి. సర్వే నంబరులో కొంత భాగమే మనదైతే ఎఫ్ఎంబీలో ఉపవిభాగం గీత ఉందో లేదో ముందు చూడాలి, ఎందుకంటే కాగితం మీద విభజించి నేల మీద కొలవని ఉపవిభాగాలు చాలా ఉన్నాయి.

ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో మొదలైన రీసర్వే డ్రోన్లతో, స్థిర జీపీఎస్ కేంద్రాల సాయంతో పనిచేసే రోవర్లనే కొలత పరికరాలతో సాగింది. రీసర్వే పూర్తయిన గ్రామాల్లో సర్వే నంబర్ల స్థానంలో ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సిల్ మ్యాప్) నంబర్లు వచ్చాయి. విస్తీర్ణం తగ్గిందని చాలా చోట్ల రైతులు అభ్యంతరాలు చెప్పారు. అటువంటి చోట సొంతంగా పటం మీద కొలిచి చూసుకోవడం మంచి పని. పెద్ద తేడా ఎక్కడుందో దానితో పట్టుకోవచ్చు. కానీ రోవరు కొలత కొద్ది సెంటీమీటర్ల దాకా సరైనది కనుక, ఎకరంలో మూడు నాలుగు సెంట్ల తేడాకు పటాన్ని సాక్ష్యంగా తీసుకెళితే నిలబడదు. అడగవలసిన ప్రశ్న రోవరు ఎంత చూపించిందని కాదు, రోవరును ఏ గట్టు మీద పెట్టారు, అప్పుడు ఎవరెవరు ఉన్నారని.

ఏ పనికి ఏది

విత్తనాలు, ఎరువులు, మందు పిచికారీ లెక్కలకు, దుక్కికి, ఎకరానికింత అని నాట్లు గుత్తకు ఇవ్వడానికి గూగుల్ ఎర్త్ కొలత చాలు. 2 ఎకరాలు దాటిన పొలంలో గట్టు నడిమి గుండా జాగ్రత్తగా గీస్తే మూడు నాలుగు శాతం తేడా ఉండవచ్చు, ఈ పనులకు అది లెక్కలోకి రాదు. నాటు ముఠాతో మాట్లాడేటప్పుడు ఫోనులో గీసిన హద్దు చూపించి ముందే ఒప్పించుకుంటే చివర మాట పట్టింపు ఉండదు.

కౌలుకు వచ్చేసరికి ఏ విస్తీర్ణానికి కౌలు కడుతున్నామన్నది ముందు తేల్చుకోవాలి. పాసుపుస్తకంలోని విస్తీర్ణంలో గట్లు, బోదె, చెట్ల నీడ పడి పండని అంచు అన్నీ కలిసి ఉంటాయి. చేపల, రొయ్యల చెరువుల్లో ఈ తేడా చాలా పెద్దది. 2 ఎకరాల చదరపు చెరువులో గట్టు నడిమి నుంచి నీటి అంచు నాలుగు వైపులా 3 మీటర్లు లోపలికి ఉంటే, నీరు నిలిచేది 1.74 ఎకరాలే, 26 సెంట్లు గట్టుకే పోయింది. భీమవరం వైపు చెరువు కౌలుకు తీసుకునేవారు నిండుగా నీరున్న రోజుల చిత్రం మీద నీటి అంచును, గట్టు నడిమిని విడివిడిగా గీసి, రెండు అంకెలూ ఒప్పంద పత్రంలో రాసుకోవాలి. ఈ ఒక్క పనికి పటం కొలత టేపు కంటే కూడా మేలు, ఎందుకంటే నీటి అంచు చిత్రంలో స్పష్టంగా కనిపిస్తుంది.

కొనుగోలులో పటం కొలత బేరానికి వెళ్లే ముందు వడపోతకు మాత్రమే. దస్తావేజు చెక్కుబందీలో రాసిన నాలుగు హద్దులను చిత్రం మీద వెతికి, తూర్పున ఉందన్న కాలువ నిజంగా తూర్పునే ఉందో లేదో చూసి, విస్తీర్ణం రికార్డుకు 5 శాతం లోపల వస్తే ముందుకు వెళ్లండి. అంతకు మించి తక్కువ వస్తే బయానా ఇవ్వకుండా సర్వేయరుతో కొలిపించమని అడగండి. ఈ 5 శాతం చట్టం చెప్పిన హద్దు కాదు, ఎకరం పైబడిన పొలాలకు పటం మీద జాగ్రత్తగా గీసినప్పుడు వచ్చే అనిశ్చితిని బట్టి నేను పెట్టుకున్న గీత. గజాల్లో అమ్మే స్థలమైతే ఈ వడపోత కూడా వద్దు, నేరుగా టేపు.

అన్నదమ్ముల పంపకానికి పటం రెండు విధాల ఉపయోగం. నీరు వచ్చే వైపు ఎవరికి, దారి ఎటు నుంచి, బోరు ఎవరి వాటాలో పడుతుంది అన్నవి చిత్రం ముందు పెట్టుకుని మాట్లాడుకోవడం తేలిక. విస్తీర్ణాలు సమానమా అన్నది మాత్రం పటం మీద తేల్చవద్దు. సర్వేయరు వచ్చి రాళ్లు పాతిన తరువాతే దస్తావేజు రాయించుకోవాలి. హద్దు తగాదా ఉంటే మీసేవలో ఎఫ్-లైన్ దరఖాస్తు, అంటే హద్దు కొలిచి చూపమని కోరే దరఖాస్తు, పెట్టడమే దారి. సర్వేయరు పక్క రైతులకు నోటీసు ఇచ్చి, రికార్డు కొలతల ప్రకారం హద్దు చూపిస్తారు. 1923 నాటి సర్వే హద్దుల చట్టం కింద విలువ ఉండేది ఆ కొలతకే, తెర మీది అంకెకు కాదు. తెలంగాణలో 2025 ఏప్రిల్‌లో వచ్చిన భూభారతి (భూమి రికార్డుల చట్టం) ఏర్పాట్లలో పాసుపుస్తకానికి భూమి పటం జతచేయాలన్న నిబంధన ఉంది కనుక, అక్కడ కొనేవారు, పంచుకునేవారు సర్వే పటం కోసం ముందు నుంచే అడగడం అలవాటు చేసుకోవాలి.

దూరదేశంలో ఉన్నవారికి పటం కొలత విస్తీర్ణం కంటే కాపలాకు ఎక్కువ పనికివస్తుంది. ఒకసారి ఊరికి వచ్చినప్పుడు గట్ల వెంట నడిచి, మూల రాళ్ల దగ్గర ఫొటోలు తీసుకుని, గూగుల్ ఎర్త్‌లో హద్దు గీసి తేదీతో దాచుకోండి. ఆపైన కొత్త చిత్రం వచ్చినప్పుడల్లా ఆ గీతను దాని మీద పెట్టి చూడవచ్చు. గీత మొత్తం ఒకే వైపు జరిగినట్టు కనిపిస్తే అది చిత్రం జరుగుడు; కదలని బావినో గుడినో చూసి పోల్చుకోండి. మిగిలిన మూడు పక్కలు సరిపోయి ఒక్క పక్క గట్టు మాత్రమే లోపలికి వచ్చినట్టు కనిపిస్తే, ఊళ్లో నమ్మకమైన మనిషికి ఫోను చేసి ఆ పక్కకు వెళ్లి చూడమనండి.